తవుడుకు అమ్మిన రోబో

మా ఊరి పేరు చెప్పను. చెబితే మున్సిపాలిటీ వాళ్లు నా జిరాక్సు దుకాణం బోర్డు దగ్గర్నుంచి మెట్ల దాకా తప్పులు వెతికి పట్టుకుంటారు. కోరాపుట్ నుంచి రాయగడ పోయే రైల్లో, కకిరిగుమ్మ స్టేషన్లో కొన్న పకోడీలు చల్లారేలోగా వచ్చే ఊరు అనుకోండి, సరిపోతుంది.

మాది ఒకప్పుడు సంస్థానంలో దివాణం కాగితాలు రాసిన కుటుంబం. మా ముత్తాత సంతకం పడందే ఏనుగుకు చెరకు కూడా వేసేవారు కాదని మా నాన్న గొప్పగా చెప్పేవారు. ఆ వంశంలో పుట్టిన నేను, సీతామహాలక్ష్మిని, మున్సిపాలిటీ ఆఫీసుకు ఎదురుగా కూర్చుని జనం ఆధార్ కార్డులకు రెండు వైపులా జిరాక్సు తీస్తున్నాను. ఏనుగులు పోయాయి, కాగితాలు మిగిలాయి. నాకేం బాధ లేదు, ఏనుగులకు మేత వెయ్యడం కంటే ఇదే తేలిక.

అయితే ఇది నా కథ కాదు, లక్ష్మిప్రియ కథ.

లక్ష్మిప్రియ మున్సిపాలిటీ లైన్లలో పుట్టింది. లైన్లంటే ఆఫీసు వెనక పారిశుధ్య పనివాళ్ల కోసం ఎప్పుడో కట్టిన వరస ఇళ్లు. వాళ్ల తాత విజయనగరం వైపు నుంచి పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి అప్పలరాజు కాలవలు తీసే గ్యాంగులో మనిషి. పెదనాన్న లక్ష్మణదీ అదే గ్యాంగు. ఒక వానాకాలం పొద్దున్న సంత పక్క కల్వర్టు పూడుకుపోయిందని ఆఫీసు మనిషి వచ్చి, వీధిలోంచి “లక్ష్మణా!” అని పేరు పెట్టి పిలిచాడు. లక్ష్మణ తింటున్న చద్దన్నం సగంలో వదిలేసి లేచి వెళ్లాడు. కల్వర్టు లోపలి విషపు గాలికి అక్కడే పోయాడు. మనుషుల్ని అలా దింపకూడదని చట్టం అప్పటికే ఉంది. చట్టం ఢిల్లీలో ఉంది, కల్వర్టు ఇక్కడ ఉంది.

ఆ ఏడాదే ప్రియ నా దుకాణానికి రావడం మొదలుపెట్టింది. బడి వదలగానే వచ్చి, ఏ వస్తువు కనిపిస్తే అది విప్పేది. ఒకసారి నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఇన్వర్టరు విప్పి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన మరలు నా అరచేతిలో పోసింది.

“ఇవి దానికి అక్కర్నేదంట అమ్మగోరూ,” అంది.

నేను చెవి మెలిపెట్టాను. ఆ ఇన్వర్టరు ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ మరలు దేవుడి గూట్లో ఉన్నాయి.

రాయగడలో పాలిటెక్నిక్ డిప్లొమా చదివింది. తరువాత భువనేశ్వర్‌లో ఒక చిన్న కంపెనీ కాలవలు శుభ్రం చేసే రోబోలు తయారుచేస్తోందని తెలిసి ఇంటర్వ్యూకు వెళ్లింది. “మా యంత్రం మురుగులో దిగుతుంది, మీకు అభ్యంతరం లేదు కదా?” అని అడిగారట.

“మా ఇంట్లో అందరూ దిగీవోళ్లే సార్. ఇక మీదట అది దిగుతాది, నాను గట్టు మీద కూకుంటాను,” అందట మన పిల్ల. ఉద్యోగం ఇచ్చారు. ఇవ్వడమే కాదు, యంత్రాన్ని తోడిచ్చి మా ఊరికే పంపారు.

యంత్రం చూడ్డానికి పెద్ద అందగత్తె కాదు. నాలుగు లావుపాటి చక్రాలు, ముందుకు చాచే ఒక చెయ్యి, చేతి చివర మట్టి ఎత్తే తొట్టి. గట్టు మీద ప్రియ ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది, ఒక తీగ ఆ రెండింటినీ కలుపుతుంది. దాని బుర్రంతా పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశారు. పైథాన్ అంటే కొండచిలువ అని ప్రియ ఇంట్లో చెప్పడమే పొరపాటయింది. వాళ్ల నానమ్మ తవిటమ్మ ఆ రోజు నుంచి యంత్రానికి దూరంగా నడిచేది.

కంపెనీ వాళ్లు దానికి ‘నిర్మల్’ అని పేరు పెట్టారు. మొదటి నిర్మల్ సంత కాలవలో దిగి, ఎదురుగా ఉన్న రాతి గోడను గోడ అని ఒప్పుకోకుండా నెట్టి నెట్టి మోటారు కాల్చుకుంది. రెండో నిర్మల్ వచ్చింది. అది చెయ్యి బారెడు బయటికి చాపి, బరువు ఒక వైపుకు పోయి, తనే బోర్లా పడింది. లోపలికి మురుగు పోయి చచ్చింది. రెండు శవాలూ లారీ ఎక్కి భువనేశ్వర్ పోయాయి.

మూడోది వచ్చేసరికి ఊరు నవ్వడం మొదలుపెట్టింది. ఇది కూడా పాడైతే మీ ఊరికి ఇక దండం అని కంపెనీ చెప్పేసింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ దేబాశిష్ బాబు చెడ్డవాడు కాదు, కానీ ముందుజాగ్రత్త ఎక్కువ. కొత్త నైలాను తాడు ఒకటి కొని తన కుర్చీ వెనక మేకుకు తగిలించాడు. అది దేనికి అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ తెలుసు. వానలు దగ్గరికి వచ్చేశాయి, యంత్రం లేకపోతే కల్వర్టులోకి మనిషే దిగాలి, గ్యాంగులో ఆ కల్వర్టు లోపలి మలుపులు తెలిసినవాడు ఇప్పుడు అప్పలరాజు ఒక్కడే. ఆఫీసుకు వెళ్లి ఆ తాడు చూసొచ్చిన రోజు అప్పలరాజు అన్నం తినకుండానే పడుకున్నాడని ప్రియ నాతో చెప్పింది.

ఇక తవిటమ్మ రంగంలోకి దిగింది.

ఆ రోజు ప్రియ మూడో నిర్మల్‌ను నా దుకాణం ముందు నిలబెట్టి చక్రాలు తుడుస్తోంది. తవిటమ్మ దూరం నుంచే దాన్ని ఎగాదిగా చూసింది.

“ఏటే అమ్మీ, దీని పేరేటి?”

“నిర్మల్ మూడు.”

“ముందు సచ్చినోటి పేరు?”

“నిర్మల్ ఒకటి.”

“రెండోది?”

“నిర్మల్ రెండు నానమ్మా. ఏటైందిప్పుడు?”

“ఓలమ్మో!” తవిటమ్మ నుదురు కొట్టుకుంది. “రెండు సచ్చినాక పుట్టిందానికి మళ్లీ అదే పేరెట్టేరేటి? ఆ కంపెనీలో ముసిలోళ్లు నేరేటే?”

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా వైపు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను తల్లి తన బిడ్డ అనదు. చేటలో పడుకోబెట్టి పక్కింటి వాళ్లకు తవుడుకు అమ్మేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ కొనుక్కుని పెంచుకుంటుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే తవిటమ్మ, మగపిల్లాడైతే తవిటయ్య. తవుడుకు కూడా అమ్ముడుపోయిన చవక సరుకును చావు పట్టించుకోదని నమ్మకం. మన తవిటమ్మ ముందు ఇద్దరు పోయాక పుట్టింది. ఇప్పుడు ఆవిడకు డెబ్బై దాటాయి, పళ్లు కూడా గట్టివే, కాబట్టి ఆ వైద్యం మీద ఆవిడకున్న గురిని కాదనడానికి ఎవరి దగ్గరా సాక్ష్యం లేదు.

అమ్మకం నా మెట్ల మీదే జరిగింది. కొన్నది కుంతి. కుంతి అంటే నా దుకాణం పక్కన అల్లం, టమాటాలు పోసి అమ్మే దేశియా ఆవిడ, ఈ కొండల మనిషి. తెలుగు, వాళ్ల దేశియా భాష కలిపి మాట్లాడుతుంది, బేరం మాత్రం ఏ భాషలోనూ వదలదు. యంత్రం చేటలో పట్టదు కదా, దాని చెయ్యి ఒక్కటి వంచి తొట్టిని చేటలో పెట్టారు.

“ఊరికే తీసీసుకోకే, బేరమాడు,” అంది తవిటమ్మ. “ఊరికే ఇచ్చీసినట్టుంటే పని సెయ్యదు.”

కుంతికి అంతకంటే ఏం కావాలి? చక్రానికి బురద ఉంది అంది. రంగు పోయింది అంది. పాలిచ్చేది కాదు, గుడ్డు పెట్టేది కాదు, దీనికి ఇంత తవుడా అంది. ఆఖరికి తలకొట్టి కొలిచిన చేటెడు తవుడుకు బేరం కుదిరింది. ఆఫీసు గుమస్తాలూ, టీ కొట్టు వాళ్లూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ప్రియ నవ్వు ఆపుకోలేక నా కౌంటరు కింద దాక్కుంది.

“అమ్మీ, నవ్వు సాల్లే, ఇటు రా,” అని తవిటమ్మ పిలిచింది. “పైన పేరు తుడిసీసి తవిటమ్మ అని రాయి. లోపల బుర్రలో కూడా పాత పేరుండకూడదు. ఎవులూ నోటితో అనకూడదు.”

“లోపలెందుకు నానమ్మా?”

“లోపలుంటే యినబడదేటి?”

ముసలావిడతో వాదన ఎందుకని ప్రియ ల్యాప్‌టాప్ తెరిచింది. యంత్రాన్ని లేపేటప్పుడు దాని పేరేమిటని కంప్యూటరు అడుగుతుంది. అక్కడ ‘నిర్మల్’ తీసేసి ‘తవిటమ్మ’ అని కొట్టింది. పేరు వల్ల ఏమవుతుందిలే అనుకుంది. తిరిగి కొనడం సంగతి ఏమిటని నేను అడిగితే, మంగళవారం కొనకూడదని, తరువాత అమావాస్య అని, ఆ తరువాత కుంతి సంతకు పోయిందని తవిటమ్మ వాయిదాలు వేసుకుంటూ పోయింది. చివరికి అందరూ మరిచిపోయారు.

నమ్మండి, నమ్మకపోండి, ఆ రోజు నుంచి యంత్రం బుద్ధిమంతురాలైపోయింది. కొత్త కోడలు అత్తవారి వంటింట్లో మసిలినట్టు మెల్లగా, తడుముకుంటూ, గోడ తగిలితే వెనక్కి జరిగి, చెయ్యి దగ్గరగా పెట్టుకుని మట్టి ఎత్తడం మొదలుపెట్టింది. నత్తనడకే, కానీ బస్టాండు కాలవ తీసింది, ఆస్పత్రి రోడ్డు కాలవ తీసింది. నవ్విన నాపచేనే పండింది.

దాంతో ఊరికి తవుడు పిచ్చి పట్టింది. మంచినీళ్ల పంపును ఎవరో తవుడుకు అమ్మారు. దేబాశిష్ బాబు తన మోటారు సైకిలును అమ్మాడు, అయితే సిగ్గుపడి ఎవరూ చూడకుండా అమ్మాడు. నా జిరాక్సు యంత్రం కాగితం మింగేస్తుంటే దాన్ని కూడా అమ్మి పెంటమ్మ అని పేరు పెట్టమని తవిటమ్మ సలహా ఇచ్చింది. దివాణం వంశంలో పుట్టినదాన్ని, ఇలాంటి మూఢనమ్మకాలకు లొంగనని చెప్పాను. వారం తిరక్కుండా లొంగాను. కాగితం మింగడం మానలేదు గానీ, ‘పెంటమ్మా’ అని తిడుతుంటే నా ప్రాణానికి కాస్త సుఖంగా ఉంది.

ఇంత మంచి పేరు వచ్చాక ఛైర్మన్ గారు ఊరుకుంటారా? సంత కల్వర్టును యంత్రం చేత తీయించి, అందరి ముందూ చూపించాలన్నారు. గుడ్డ పందిరి, కుర్చీలు, ‘నిర్మల్’ అని పెద్ద అక్షరాలతో బ్యానరు. కంపెనీ నుంచి ఇంజనీరు పృథ్వి వచ్చాడు. దామంజోడి అల్యూమినియం ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగిన తెలుగు కుర్రాడు, మంచివాడే, నవ్వు మొహం. యంత్రం పక్కన రాసిన పేరు చూసి ఆగాడు.

“ఇదేంటి ప్రియా?”

“ముద్దుపేరు సార్.”

“బాగుంది. కానీ బ్యానర్ మీద ఒక పేరు, తెర మీద ఒక పేరు ఉంటే ఛైర్మన్ గారు ఏమనుకుంటారు?” అంటూ ల్యాప్‌టాప్ లాక్కుని, ‘తవిటమ్మ’ తీసేసి పాత పేరే మళ్లీ కొట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. మైకు పుచ్చుకుని “మన నిర్మల్‌కు స్వాగతం!” అన్నాడు.

జనంలోంచి తవిటమ్మ గొంతు వినిపించింది. “పలికీసినాడు సచ్చినోడు! పాత పేరు పలికీసినాడు!”

యంత్రం ఒక్క ఉదుటున ముందుకు దూకింది. అంత వేగంగా అది పరుగెత్తడం మేమెవరం చూడలేదు. కల్వర్టు మొదట్లోనే ఒక తొట్టి బురద ఎత్తుకుని, చుట్టూ ఎంతో చోటున్నట్టు చెయ్యి బార్లా చాపి గిర్రున తిప్పింది. చెయ్యి రాతి అంచుకు తగిలింది. తొట్టిలో ఉన్నదంతా గాల్లోకి లేచింది. కొంత బ్యానరు మీద పడింది. మిగిలినది ఛైర్మన్ గారి తెల్ల కుర్తా మీద, ఆయన ఆశ్చర్యంతో నోరు తెరిచి ఉండటం వల్ల అక్కడ కూడా పడింది. జనం ముందు భయపడ్డారు, తరువాత నవ్వారు, ఆయన మొహం చూశాక మానేశారు. పృథ్వి పరుగెత్తి యంత్రాన్ని ఆపేశాడు. లేకపోతే రాతి గోడ మీద మోటారు మళ్లీ కాలిపోయేదే.

ఛైర్మన్ గారు నోరు కడుక్కుని చెప్పిన మొదటి మాట, “దీన్ని లారీ ఎక్కించండి.” రెండో మాట దేబాశిష్ బాబుతో, “వానలోగా కల్వర్టు తీయించాలి. ఎలాగో నాకు చెప్పక్కర్లేదు.”

దేబాశిష్ బాబు తల వంచుకున్నాడు. గ్యాంగు వాళ్లతో పాటు నిలబడ్డ అప్పలరాజు తల గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ప్రియ తండ్రి వైపు చూడలేకపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, కానీ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నా దుకాణంలోకి వచ్చి తలుపు మూసుకుంది. యంత్రం తన పని గురించి నిన్న రాసుకున్నవీ, ఇవాళ్టివీ పక్కపక్కన పెట్టుకుని తెర మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

ఈలోగా బయట లారీ వచ్చింది. నలుగురు కలిసి యంత్రాన్ని పలకల మీద నుంచి లారీలోకి ఎక్కించారు. అప్పుడు కుంతి టమాటాల బుట్ట దింపి, లారీ ముందుకు వెళ్లి, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“మోర్ పిలా!” అని అరిచింది. నా పిల్ల అని. “చేటెడు తవుడిచ్చి కొన్నాను. ఊరు ఊరంతా చూసింది. నన్ను అడక్కుండా ఎక్కడికి తీసుకుపోతారు?”

దేబాశిష్ బాబు ఒడియాలో బతిమాలాడు. అది కంపెనీ ఆస్తి అన్నాడు. అయితే కంపెనీ వాళ్లు నా దగ్గర తిరిగి కొన్నారా అని కుంతి అడిగింది. ఆయన తవిటమ్మ వైపు చూశాడు. తవిటమ్మ ఆకాశం వైపు చూసింది. ఆవిడ వాయిదాలు వేసింది మరిచిపోయి కాదేమోనని నాకు అప్పుడే మొదటి అనుమానం వచ్చింది.

ఇంజను నడుపుతూనే ఉన్న లారీ డ్రైవరు తల బయట పెట్టాడు. “ఏటి గొడవ? తవుడుకి కొన్న పిల్లా?”

ఎవరో సంగతంతా చెప్పారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“నావల్ల కాదు సార్,” అన్నాడు. “తవుడుకి కొన్న పిల్లని కొన్న తల్లి ఒప్పుకోకుండా తీసుకెల్తే నా బండి ఘాటీ దిగదు. నా పేరు తవిటినాయుడు. నాకు తెల్దేటి?”

దాంతో బేరం ఎక్కడికక్కడ నిలిచిపోయింది. డ్రైవరు కుంతి పక్కనే చతికిలబడి టమాటా తింటుంటే, పృథ్వి తల పట్టుకుని నా మెట్ల మీద కూర్చున్నాడు. ఒక చేటెడు తవుడు ఒక లారీని ఆపగలదని ఆ కుర్రాడికి కాలేజీలో ఎవరూ చెప్పినట్టు లేదు.

లోపలి నుంచి గట్టిగా నవ్వు వినిపించింది. పిచ్చెక్కిందేమోనని పరుగెత్తాను. ప్రియ తెర మీద వేలు పెట్టి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

“సూడండి అమ్మగోరూ, ఇదొక్క లైను సూడండి.”

నాకేం అర్థమవుతుంది? విడమరిచి చెప్పింది. యంత్రం లేవగానే దాని ప్రోగ్రాము రెండు ఫైళ్లు చదువుకుంటుందట. మొదటిది అన్ని ఊళ్లకూ పనికొచ్చే మామూలు ఫైలు: మెల్లగా నడు, చెయ్యి దగ్గర పెట్టుకో, ఏదైనా తగిలితే వెనక్కి రా. ఆ తరువాత యంత్రం పేరేమిటో చూసి, ఆ పేరున్న ఫైలు ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంది. దొరికితే అదీ చదువుతుంది. రెండూ ఒకే విషయం వేరువేరుగా చెబితే తరువాత చదివినదే చెల్లుతుంది. మా ఇంట్లో కూడా ఇదే పద్ధతి, ముందు మామగారు చెప్పేవారు, తరువాత అత్తగారు చెప్పేవారు, జరిగేది అత్తగారు చెప్పింది.

“నిర్మల్ పేరుతో పృథ్వి సార్ మన ఊరికని ఒక ఫైలు రాసేరు,” అంది ప్రియ. “కాలవలు ఎడల్పు, నున్నని సిమెంటు గోడలు, గట్టిగా ఎల్లొచ్చు, సెయ్యి బార్లా సాపొచ్చు అని ఉంది అందులో. అలాటి కాలవ మనూర్లో ఉందేటి? మూడు నిర్మల్‌లూ ఆ ఫైలు సదివే సావుకి ఎల్లేయి. తవిటమ్మ అని పేరెట్టగానే, ఆ పేరు ఫైలు కోసం ఎతికింది. దొరకనేదు. దొరకనేదని సిన్న అచ్చరాల్తో ఒక ముక్క రాసీసి, మామూలు ఫైలుతో నడిసింది. అంతే. ఇన్నాళ్లూ ఆ ముక్క నా కళ్ల ముందే ఉంది, నానే సదవనేదు.”

పృథ్విని లోపలికి పిలిచి చూపించింది. ఆ కుర్రాడు చదివాడు, ఇంకోసారి చదివాడు, చెవులు ఎర్రబడ్డాయి.

“ఫైలు నాదే,” అన్నాడు. “కొత్త కాలవలు కట్టాలని ఎప్పుడో గీసిన ప్లాను పంపారు, అది కట్టేశారనుకున్నాను. ఇక్కడికి వచ్చి టేపు పెట్టి కొలవాల్సింది.” తెర ఇంకాస్త కిందికి జరిపి, “ఫైలు దొరక్కపోతే ప్రోగ్రాము గట్టిగా అరవాలి, ఇలా గొణక్కూడదు. ఆ కోడూ నేనే రాశాను,” అన్నాడు. తప్పు తనదని అంత సూటిగా ఒప్పుకున్న ఇంజనీరును నేను ఈ జిల్లాల్లో చూడలేదు. అందుకే వాడికి టీ ఇప్పించాను.

ఎలాగో తనకు చెప్పక్కర్లేదని ఛైర్మన్ గారే అన్నారు కదా అని దేబాశిష్ బాబు సరేనన్నాడు. కుంతి అనుమతి తీసుకుని యంత్రాన్ని లారీలోంచి దింపారు. తవిటినాయుడు స్వయంగా పలకలు పట్టుకున్నాడు. ఈసారి పేరు అడిగిన చోట ప్రియ ‘తవిటమ్మ’ అని కొట్టింది, తెర మీద ఆ చిన్న ముక్క వచ్చేదాకా చూసి అప్పుడు కదిలించింది. యంత్రం కల్వర్టులోకి తాబేలులా దిగింది. గోడను ముట్టుకుని వెనక్కి వచ్చింది, పక్కకు జరిగింది, తొట్టెడు మట్టి తెచ్చి గట్టు మీద పోసి మళ్లీ లోపలికి పోయింది. లక్ష్మణ ఆగిపోయిన మలుపు దాటి లోపలికి పోయింది. పొద్దుగుంకే వేళకు కల్వర్టు అవతలి మూతి నుంచి వెలుతురు కనిపించింది. అప్పలరాజు గట్టు మీద గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూనే ఉన్నాడు. వాళ్లన్న పోయిన చోటును ఆయన అన్నేళ్లలో అంతసేపు చూడటం అదే మొదలు.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. యంత్రం ఊళ్లో ఉండిపోయింది. కుంతి మాత్రం తిరిగి అమ్మనంది. అందుచేత ఇప్పటికీ అది సగం కంపెనీది, సగం కుంతిది. వానలు తగ్గాక వచ్చి, కాలవలన్నీ కొలిచి, తవిటమ్మ పేరుతోనే మంచి ఫైలు రాద్దామని పృథ్వి ప్రియకు చెప్పి వెళ్లాడు.

ప్రియకు ఒక్కటే గుబులు. నానమ్మకు నిజం చెప్పాలా, వద్దా? చెబితే ముసలావిడ నొచ్చుకుంటుందేమో. నేను వద్దన్నాను. నా మాట అది ఎప్పుడు విన్నది కనక? మర్నాడు మెట్ల మీదే చెప్పేసింది.

“నానమ్మా, ఏటనుకోకు. తవుడు వల్ల కాదు. దాని పేరు మీద ఒక ఫైలుంది. ఆ పేరు పట్టుకుని ఎతుక్కుంటాది. పేరు మారిపోతే దొరకదు. దొరక్కపోతే దాని మానాన అది పోతాది. అంతే, మంత్రం నేదు.”

తవిటమ్మ ఆకు నములుతూ అంతా వింది. నొచ్చుకోలేదు సరికదా, మనవరాలి వైపు జాలిగా చూసింది.

“నాను సెప్పిందీ అదే గదే ఎర్రిదానా. సావు పేరు పట్టుకునే ఎతుక్కుంటాది. ఆ పేరుగలోళ్లు దొరక్కపోతే దాని మానాన అది పోతాది.”

ప్రియ వచ్చి నానమ్మ పక్క మెట్టు మీద కూర్చుంది.

“నన్నలాగే ఒగ్గీసింది,” అంది తవిటమ్మ, ఆకు ఉమ్మి. “మా లచ్చన్నకి మార్చనేదు. మంచి పేరు, దేవుడి పేరు అనుకున్నాను. పేరెట్టి పిలిసేరు, ఎల్లిపోనాడు.” అక్కడి నుంచి లేచి, కుంతి దగ్గర అల్లం ఏరుకోవడానికి వెళ్లిపోయింది. ఇద్దరూ చాలాసేపు ఏదో గుసగుసలాడుకున్నారు. అల్లం బేరం అనుకున్నాను.

తరువాతి వారంలో వాన పట్టుకుంది. ఆ పొద్దున్న నా పెంటమ్మ మళ్లీ కాగితం మింగితే, ప్రియను పిలుచుకురావడానికి గొడుగు వేసుకుని లైన్లకు వెళ్లాను. అదే సమయానికి ఆఫీసు మనిషి వచ్చాడు. బస్టాండు కాలవకు ఏదో అడ్డం పడి రోడ్డు మీద నీళ్లు నిలిచాయట. యంత్రం ఉంది కదా, ముందు దాన్ని అడగాలి కదా? అలవాటు అంత తొందరగా పోతుందా? వీధిలో నిలబడి గొంతెత్తి పిలిచాడు.

“అప్పలరాజూ! ఓ అప్పలరాజూ!”

లోపల అప్పలరాజు చద్దన్నం గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఆగింది. లేవబోయాడు. అంతకంటే ముందే తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి నిలబడింది.

“ఆ పేరుగలోడు ఈ ఇంట్లో నేడు బాబూ.”

“అదేటి మామ్మా, ఆ కూకున్నోడు అప్పలరాజు కాదేటి?”

“ఆడా? ఆడు కుంతి కొడుకు. నిన్న సందేళ తవుడుకి అమ్మీసేను. ఏటైనా కావాలంటే ఎల్లి కుంతినడుగు.”

ఆఫీసు మనిషి గొడుగు కింద నోరు తెరుచుకుని నిలబడ్డాడు. లారీ గొడవ అతను చూసినవాడే. కుంతితో పెట్టుకోవడం అంటే ఏమిటో బాగా తెలిసినవాడే. ఈలోగా ప్రియ ల్యాప్‌టాప్‌ను పాలిథీన్ సంచిలో చుట్టుకుని బయటికి వచ్చింది.

“పదన్నా,” అంది. “తవిటమ్మని తోలుకెల్దాం.”

అతను ఇంకోసారి గుమ్మం వైపు చూసి, ప్రియ వెనకే వెళ్లిపోయాడు. లోపలి నుంచి అప్పలరాజు గొంతు వినిపించింది.

“అమ్మా, మరి నానిప్పుడు ఎవుడినే?”

“ముందు కూడు తిను. ఆ సంగతి వాన ఎలిసినాక సూద్దాం.”

అప్పలరాజు గిన్నె ఖాళీ చేసేదాకా తవిటమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.